నాలుగో కాయిల్

నా కొడుకు అశోక్‌నగర్‌లో నడిరోడ్డు మీద మెకానిక్‌ను కొట్టి రెండు పళ్ళు రాలగొట్టినప్పుడు నేను చిక్కడపల్లిలో, మా ఇంటి గడప దగ్గర కూర్చొని బియ్యం ఏరుతున్నాను. పక్కింటావిడ ఫోను పట్టుకొని వచ్చి చూపించింది. కోచింగు పిల్లలెవరో తీసిన వీడియో. మా కారు బానెట్ లేచి ఉంది. వీడి చేతిలో జాకీ రాడ్డు. మెకానిక్ ఒక చేత్తో మూతి పట్టుకొని ఇంకో చేత్తో వద్దు వద్దంటున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారి చొక్కా గుండీల మీద పడుతోంది. వీడు ఆగలేదు. ఆయన కింద పడ్డాక కూడా డొక్కలో తన్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు తప్ప ఒక్కరూ అడ్డం పోలేదు.

ఆ చెయ్యి ఎత్తే తీరు నేను గుర్తుపట్టాను. మోచెయ్యిని చెవిదాకా తీసుకుపోయి, ఒక్క క్షణం అక్కడ ఆపి, అప్పుడు దించుతాడు. నేను వాణ్ణి అలాగే కొట్టేదాన్ని. నా మొగుడు పోయేనాటికి వాడికి ఐదేళ్ళు. హాస్టల్ మెస్సులో వందమందికి వండి, మిగిలిన అన్నం గిన్నెలో పెట్టుకొని ఇంటికి వచ్చేసరికి నా ఒంట్లో ఓపిక ఉండేది కాదు. చదవకపోతే కొట్టాను. అబద్ధమాడితే కొట్టాను. ఎవరి చేతిలోనో దెబ్బలు తిని ఇంటికొస్తే, తిన్నందుకు కొట్టాను. పక్కింటి కిటికీలోంచి పెన్ను తీశాడని ఒకసారి అట్లకాడ పొయ్యి మీద కాల్చి అరచేతిలో అంటించాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. జాలి పడమని ఇదంతా చెప్పడం లేదు. కొట్టడం వాడికి నేర్పింది వీధి కాదు, నేనే. ఆ మాట చెప్పకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

కారు వాడి సొంతం. ఆఫీసువాళ్ళను దించి తెచ్చే కిరాయి బండి. మా ఇంట్లో ఆరుగురి అన్నం దాని మీదే. కొంతకాలంగా సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికేది. స్టీరింగ్ వెనక ఇంజన్ బొమ్మ పసుపుపచ్చగా వెలిగేది. లోయర్ ట్యాంక్ బండ్ కింద సందులో షెడ్డున్న మెకానిక్ దగ్గర వదిలిపెట్టి వచ్చాడు. ఆ మెకానిక్ పాలమూరు దిక్కు నుంచి వచ్చినవాడు, భార్య ఇళ్ళు కట్టే దగ్గర కూలికి పోతుంది. నాలుగేళ్ళుగా మా బండి ఆయనే చూస్తున్నాడు.

ఆ పగలు కొడుకు డ్యూటీ దిగి పడుకున్నాడు. ఫోను మోగితే నేను తీశాను. మెకానిక్ ఓపికగా చెప్పాడు. ఇంజన్‌లో నాలుగు సిలిండర్లు ఉంటాయట. ఒక్కోదానికి నిప్పురవ్వ పుట్టించే కాయిల్ ఒకటి ఉంటుందట. మూడోది చచ్చిపోయింది, మిగతా మూడూ దానితో పుట్టినవే, నాలుగూ ఒకేసారి మార్చుకుంటే మంచిది, లేకపోతే నెల తిరగకముందే ఇంకోటి పోతుంది అన్నాడు. మా ఇంట్లో కిరసనాయిలు పొయ్యి ఉన్న రోజుల్లో పది వత్తుల్లో ఏది పొట్టిదైతే దాన్నే మార్చేదాన్ని. మిగతా తొమ్మిదీ కాలినంతకాలం కాలేవి. అదే లెక్క ఇక్కడా పెట్టాను. పోయిందే మార్చమన్నాను. నాలుగు అన్న సంగతి మావాడికి చెప్పొద్దని కూడా అన్నాను. వాడికి కోపమెక్కువ, అంటగడుతున్నావని నీ మీదికే వస్తాడన్నాను. గొడవ తప్పించాననే అనుకున్నాను.

రెండు వారాలు బండి బాగానే నడిచింది. తరవాత అశోక్‌నగర్‌లో, కిరాయివాళ్ళు లోపల కూర్చొని ఉండగానే, వణికి ఆగిపోయింది. మళ్ళీ అదే దీపం. వీడు ఫోను చేస్తే మెకానిక్ స్కూటరు మీద వచ్చాడు. పాత కాయిల్‌కు రంగు పూసి వేశావని వీడి వాదం. ఇంకోటి పోయి ఉంటుంది, ఆ రోజే నాలుగూ అన్నాను, మీ అమ్మను అడుగు అని ఆయన అన్నాడు. మొదటి దెబ్బ ఆ మాటకే పడింది.

ఇంటికి వచ్చి పెరట్లో నిలబడి చేతులు చాపాడు. గోళ్ళ కింద నెత్తురు ఎండిపోయి ఉంది.

"నీ పేరు తీసిండమ్మా. దొంగతనం దొరకంగనే నీ మీద పెట్టిండు. ఎట్ల ఊకుంట?" అన్నాడు.

నేను చెంబుతో వాడి చేతుల మీద నీళ్ళు పోశాను. నోరు తెరవలేదు. తెరిస్తే ఏమవుతుందో ఆ చేతులు చూస్తేనే తెలుస్తోంది. పైగా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను: ఏమో, నిజంగానే పాతది వేశాడేమో, నా ఫోను మాటకూ దీనికీ సంబంధం లేదేమో.

వీడియో పోలీసులదాకా పోయింది. పెద్దమనుషులు కూర్చొని రాజీ చేశారు, దవాఖాన ఖర్చు మేమిచ్చాం, మెకానిక్ కేసు వద్దన్నాడు. అయినా ఎస్సై వీడిని బైండోవర్ చేయించాడు. ఆరు నెలలు శాంతిగా ఉంటానని సంతకం పెట్టాలి. ఈ ఆరు నెలల్లో ఎవరి మీద చెయ్యి లేచినా నేరుగా లోపలికే అని నా మొహం చూసి మరీ చెప్పాడు. స్టేషన్‌లో ఎదురు బెంచీ మీద మెకానిక్ దవడకు కట్టుతో కూర్చున్నాడు. పక్కన భార్య. ఆమె నన్ను ఒకసారి చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను.

బాండు రాసిన మూడో వారంలోనే బర్కత్‌పురలో ఇంకో మెకానిక్ దగ్గరికి పోయాడు. తోడుగా కోడలిని పంపాను. ఆ మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ఇంజన్ వైరింగ్ మొత్తం మార్చాలన్నాడట. వీడు మాట్లాడకుండా ఆయన గొంతు పట్టుకున్నాడట. కోడలు వెనక సీట్లోంచి దూకి వీడి బొటనవేలు కొరికింది. నెత్తురొచ్చేదాకా వదల్లేదు. పళ్ళ గాట్లు పడ్డ వేలితో ఇంటికి వచ్చాడు. ఆ మెకానిక్ స్టేషన్‌కు పోలేదు, అది మా అదృష్టం.

కోడలు వంటింట్లో నోరు పుక్కిలిస్తూ అంది: "ఇంకోపారి అయితే లోపలికే, అత్తమ్మా. పిల్లలను పట్టుకొని జైలు కాడ నిలవడుడు నాతోటి కాదు. మా అమ్మోళ్ళింటికి పోత."

ఆమె ఉత్తమాట అనే మనిషి కాదు. ఆ రోజు నుంచి నాకు ఒకటే ధ్యాస. వీడు ఇంకే మెకానిక్ మొహం చూడకుండా బండి నడవాలి. తోటి డ్రైవర్ల దగ్గర ఒక మిషన్ ఉందని వీడే చెప్పాడు. స్టీరింగ్ కింద గుచ్చితే ఇంజన్‌కు ఏం జబ్బో అంకెల్లో చెబుతుందట. అది ఉంటే చిన్న చిన్నవి ఇంట్లోనే విప్పి వేసుకోవచ్చట. మనిషి మాట మీద నమ్మకం లేనివాడికి మిషన్ మాట అయినా ఉండాలి కదా. కొందామన్నాను. నేనూ వస్తానన్నాను, వాణ్ణి ఒంటరిగా అంగట్లోకి పంపే ధైర్యం లేక.

నారాయణగూడ ఫ్లైఓవర్ దిగాక కార్ల సామాన్లమ్మే దుకాణం. యజమాని గల్లాలో కూర్చొని చాయ్ తాగుతున్నాడు. మూడు మిషన్లు తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు. మొదటిది అగ్గిపెట్టె అంత, దానికి తెర లేదు, ఫోనుతో కలుపుకోవాలి. రెండోదానికి తోకలాగా వైరు, చిన్న తెర. మూడోది పలకంత పెద్దది, షెడ్డులవాళ్ళు కొనేది. మూడోదాన్ని ముట్టుకోనియ్యలేదు నేను. అది బ్రేకుల జబ్బు, ఎయిర్‌బ్యాగుల జబ్బు కూడా చెబుతుందని దుకాణదారు ఊరించాడు. మా బండికి పోయింది ఇంజన్, లేని రోగానికి డాక్టరెందుకు? పైగా దానికి ఏటేటా డబ్బు కడితేనే కొత్త బండ్ల సంగతి తెలుస్తుందని అడిగితే గానీ చెప్పలేదు.

అగ్గిపెట్టెది అన్నిటికన్నా చవక. నా మనసు దాని మీదే ఉంది. అయితే కొనే ముందు చూడాలి. నేను కూరగాయల బండి దగ్గరికి పోతే సంచిలో సీలు విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ తీసుకుపోతాను. ముందు దాన్ని కాంటా మీద పెట్టమంటాను. అది కిలో చూపిస్తేనే టమాటాలు. తెలియనిదాన్ని అడిగే ముందు, మనకు తెలిసినదాన్ని అడగాలి. అలాగే ఇక్కడా, బయట నిలిపిన బండి బానెట్ ఎత్తి, ఇంజన్‌కు గాలి పోయే పెట్టె మీద ఉన్న ప్లగ్గు ఒకటి కావాలని పీకెయ్యమని కొడుకుతో చెప్పాను. పీకింది మనమే. మిషన్ ఆ మాట చెబితే మిగతా మాటలు నమ్ముదాం.

దుకాణదారుకు నచ్చలేదు. "పెద్దమ్మా, ఇది వంకాయ కాదు గిల్లి చూసెటందుకు," అన్నాడు.

"గిల్లనియ్యకుంటే లోపల పుచ్చున్నట్టే," అన్నాను.

అగ్గిపెట్టెను గుచ్చారు. ఫోనుతో కలిసింది, విడిపోయింది, మళ్ళీ కలిసింది. చివరికి ఏ జబ్బూ లేదంది. ప్లగ్గు ఊడి వేలాడుతోంది, దీపం వెలుగుతోంది, బండి వణుకుతోంది, అది మాత్రం అంతా క్షేమం అంటోంది. నేను దాన్ని బల్ల మీద పెట్టి రెండోది తెమ్మన్నాను. ఇంకా ఎన్నింటిని పరీక్ష పెడతారు, పొద్దున్నే బేరం చెడగొట్టడానికి వచ్చారా అని దుకాణదారు మొదలుపెట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"కొనే మొకాలేనా మీయి? తల్లీ కొడుకులు తమాషకు తయారైండ్రు," అన్నాడు.

నా కొడుకు చెయ్యి బల్ల మీదుగా పోయి దుకాణదారు కాలరు పట్టుకుంది. చాయ్ గ్లాసు కింద పడి పగిలింది. వాడి మెడ నరాలు ఉబ్బాయి. నా కొడుకు కుడి మోచెయ్యి చెవిదాకా లేచింది. ఆ ఒక్క క్షణం అక్కడ ఆగుతుందని నాకు తెలుసు కాబట్టి, ఆ క్షణంలోనే నేను నా కొడుకు చెంప మీద కొట్టాను. పాతికేళ్ళకు కొట్టాను. చెయ్యి మరచిపోలేదు. వాడి తల పక్కకు తిరిగింది, కాలరు వదిలాడు.

"బాండు నీ పేరు మీదున్నది. నా పేరు మీద లేదు," అన్నాను.

దుకాణదారు మెడ తడుముకుంటూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ తరవాత చాలా మర్యాదగా రెండో మిషన్ తెచ్చి తానే గుచ్చాడు. అది గాలి పెట్టె ప్లగ్గు ఊడిందని వెంటనే చెప్పింది. మనకు తెలిసినదాన్ని సరిగ్గా చెప్పింది. ప్లగ్గు మళ్ళీ పెట్టించి, మిషన్‌లోని ఆ జబ్బుల జాబితా చెరిపించాను. చెరిపితే దీపం ఆరుతుంది గానీ రోగం పోదు, మళ్ళీ నడిపి చూస్తే ఉన్న రోగం మళ్ళీ పైకి వస్తుందని దుకాణదారే చెప్పాడు. ఫ్లైఓవర్ ఎక్కి దిగి వచ్చాం. బండి దారంతా వణికింది. గుచ్చి చూస్తే తెర మీద ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన నాలుగు అంకెలు. నేను మూడో తరగతిలోనే బడి మానాను, ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు. సున్నా, మూడు, సున్నా, నాలుగు.

ఆ చివరి అంకె సిలిండర్ నంబరని దుకాణదారు అన్నాడు. నాలుగోదాని కాయిల్ పోయిందట. మూడో సిలిండర్ గురించి ఏమైనా చెబుతోందా అని కొడుకు అడిగాడు. దానికి ఏ జబ్బూ లేదని చెప్పి, బానెట్ ఎత్తి చూసి, మూడో కాయిల్ కొత్తదే అన్నాడు.

ఆ మిషనే కొన్నాను. మూడు కాయిళ్ళు కూడా కొన్నాను. కారులో కూర్చున్నాక కొడుకు తాళం తిప్పలేదు.

"కొత్తదే ఏసిండు," అన్నాడు. "మరి నాలుగు మార్చుమని నాకెందుకు చెప్పలే ఆయన?"

ఆ నెల రోజుల్లో నేను చెప్పడానికి ఎన్నో సందర్భాలు వచ్చాయి. ఒక్కటీ వాడుకోలేదు. ఇప్పుడు మిషన్ చెప్పేసింది, నేను చెప్పకపోతే అబద్ధం నా ఒక్కదానిదే మిగులుతుంది.

"చెప్పిండు. నాకు చెప్పిండు, ఫోన్ల. నేనే ఒద్దన్న. నీకు చెప్పొద్దన్నది గూడ నేనే," అన్నాను.

వాడు నావైపు తిరిగాడు. మోచెయ్యి లేచింది. కారులో చోటు తక్కువ, అయినా చెవిదాకా లేచింది. నేను కళ్ళు మూసుకోలేదు, తల పక్కకు జరపలేదు. పిడికిలి నా చెవి పక్కనుంచి పోయి కిటికీ అద్దానికి తగిలింది. మొదటి దెబ్బకు పగల్లేదు. రెండోదానికి పగిలింది. అద్దం పలుకులు నా ఒళ్ళో, జుట్టులో, జాకెట్టులో పడ్డాయి. వాడి పిడికిలి చీలి నెత్తురు నా భుజం మీద కారింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. ఎవరో ఫోను తీశారు కూడా.

"నీళ్ళు పోసినవ్ గదనే," అన్నాడు. "నా చేతుల మీద ఆయన నెత్తురుంటే, చెంబు పట్టుకొని నీళ్ళు పోసినవ్."

చీర కొంగు చింపి వాడి చెయ్యి కట్టాను. ఎర్రగా తడిసింది, ఇంకో పొర చుట్టాను. లోయర్ ట్యాంక్ బండ్ పోనియ్యమన్నాను. వాడు పోనిచ్చాడు. పగిలిన కిటికీలోంచి దారంతా గాలి కొట్టింది.

షెడ్డు ముందు మెకానిక్ పాత టైరు మీద కూర్చొని ఉన్నాడు. దవడ వాపు ఇంకా దిగలేదు. పైపెదవి మీద కుట్ల గుర్తులు. ఆయనకు తినిపించే మనిషి కావాలి కాబట్టి భార్య కూలి మానేసింది. పొయ్యి దగ్గర జావ కలుపుతోంది. మా కారు చూడగానే గరిటె పడేసి ఇనుప సలాక అందుకుంది. మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టాడు. నేను దిగి ఆమె ఎదురుగా నిలబడి చెప్పాను. ఫోను వచ్చిందని, నాలుగూ మార్చమని నీ మొగుడు చెప్పాడని, నేనే వద్దన్నానని, చెప్పొద్దన్నది కూడా నేనేనని. పక్క షెడ్డులవాళ్ళు పని ఆపి చుట్టూ చేరారు. అందరికీ వినపడేలాగే చెప్పాను.

ఆమె మొత్తం విన్నది. "అంటే టేషన్ల కూసున్ననాడు నీకెరికేనా?" అని అడిగింది.

"ఎరికే," అన్నాను.

ఆమె సలాక కింద పడేసింది. దగ్గరికి వచ్చి నన్ను కొట్టింది. సిమెంటు మోసిన చెయ్యి. చెవి గుయ్యిమంది, చెవి కమ్మ శీల మెడకు గుచ్చుకుంది.

"నెల దినాల సంది జావ తాగుతుండు ఈడ. మాట సక్కగొస్తలేదు. నా పిల్లలు బుగులువడి దగ్గరికి పోతలేరు. నువ్వు బెంచి మీద కూసోని సూసినవ్," అంది. రెండోసారి కొట్టింది.

నేను నా కొడుకు వైపు చూశాను. బానెట్ పక్కన నిలబడి ఉన్నాడు. గుడ్డ కట్టిన చెయ్యి పైకి లేచి ఉంది, మోచెయ్యి చెవి దగ్గర. వాడి ముందు నన్ను ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు. చుట్టూ ఇరవైమంది ఉన్నారు. ఆ చెయ్యి ఆమె మీద పడితే ఇంక ఏ పెద్దమనుషులూ రాజీ చెయ్యలేరు. ఆగరా అన్న మాట నా పెదవులదాకా వచ్చింది. అనలేదు. నేను ఆపితే వాడు ఆగుతాడు, అది పొద్దున్నే చూశాను. తనంతట తాను ఆగడం వాడికి నేను ఎన్నడూ నేర్పలేదు. ఇప్పుడు నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు, అక్కడ నిలబడి దెబ్బ తినడం తప్ప.

ఆమె మూడోసారి కూడా కొట్టింది. పెదవి పగిలి నోట్లో ఉప్పగా తగిలింది. కొడుకు చెయ్యి గాలిలోనే ఆగి ఉంది. చాలాసేపు అలాగే ఉంది, లేక నాకు అలా అనిపించింది. తరవాత ఆ చెయ్యి దిగి బానెట్ మీద ఆనింది. వేళ్ళు విప్పాడు. బానెట్ ఎత్తాడు. కాయిళ్ళ డబ్బాలు తెచ్చి ఇంజన్ పక్కన పెట్టుకున్నాడు.

"అన్నా, పది నంబర్ పానా యాడున్నది?" అని అడిగాడు.

ఇవ్వొద్దని ఆమె అరిచింది. మెకానిక్ కాలితో పనిముట్ల పెట్టె చూపించాడు. వాడు పానా తీసుకొని నాలుగోదాని బోల్టు విప్పడం మొదలుపెట్టాడు. చెయ్యి కోసుకుపోయి ఉంది కదా, పట్టు చిక్కక జారుతోంది. గుడ్డలోంచి నెత్తురు ఇంజన్ మీద చుక్కలు చుక్కలుగా పడి, వేడికి వాసన వచ్చింది. కొత్త కాయిల్ దింపి బోల్టు పెట్టాడు గానీ అడ్డంగా ఎక్కింది. బలవంతంగా తిప్పుతున్నాడు.

మెకానిక్ టైరు మీంచి లేచాడు. దగ్గరికి వచ్చి వాడి చేతిలోని పానా గట్టిగా లాక్కున్నాడు. ఇనుము పైకి లేవగానే నా కొడుకు రెండు మోచేతులూ మొహానికి అడ్డం పెట్టుకొని ఒదిగిపోయాడు, చిన్నప్పుడు వంటింటి మూలలో నా ముందు ఒదిగినట్టు. మెకానిక్ వాడివైపు చూడను కూడా చూడలేదు. వంగి, అడ్డంగా ఎక్కిన బోల్టును వెనక్కి తిప్పి తీసి, ఊది, సూటిగా పెట్టి, వేళ్ళతోనే సగందాకా బిగించాడు. మిగతా సగానికి పానా వాడి చేతికే ఇచ్చాడు.